‘ఆయ్’ అన్నారు, ‘లేదు’ అని రాశాను

నేను రిటైరైన రోజున ఆసుపత్రి వాళ్లు శాలువా కప్పి, "ప్రకాశరావు గారు వేలమంది గుండెల్లోకి తొంగి చూసిన మనిషి" అని మైకులో పొగిడారు. అందరూ చప్పట్లు కొట్టారు. మర్యాదకి నేనూ కొట్టాను. తొంగి చూసినవి గుండెలు ఒక్కటే కాదని ఆ హాల్లో సగం మందికి తెలుసు. కానీ ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ప్రార్థన చెయ్యడానికి వచ్చిన మా పాస్టరు గారు ఎటు చూడాలో తెలియక ఇబ్బంది పడేవారు. నేనైతే టేబులు కిందికి దూరేవాణ్ణి.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఏదైనా రాయమన్నారు. ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చిందో, ఏ రిజిస్టరు ఎలా నింపాలో నేను రాయను. అవి చెప్పడానికి ఆఫీసులో మనుషులున్నారు. ఎక్కువసార్లు చెయ్యని ఒక పరీక్ష గురించి, అందులో నేను చేసిన వెధవపని గురించి రాస్తాను. నాకు ఉద్యోగం నేర్పింది అదే.

ఫొటోల పని

నేను న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుని. కొద్దిగా రేడియోధార్మికత ఉన్న మందుని మనిషి ఒంట్లోకి ఎక్కించి, అది ఎక్కడికి వెళ్లిందో, ఎక్కడికి వెళ్లలేదో గామా కెమెరాతో బొమ్మ తియ్యడం నా పని. హైదరాబాదులో పని నేర్చుకున్నాను. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు పాత కెమెరా ఒకటి కొని పెడుతున్నారని తెలిసి ఎగిరి గంతేసి వచ్చేశాను. మా ఊరు రాజోలు దగ్గర. తాతగారు కూలికి వెళ్లిన మనిషి, నాన్నగారు మిషన్ స్కూల్లో మేష్టారు. నేను ‘న్యూక్లియర్’ అన్న మాట ఉన్న ఉద్యోగంలో చేరేసరికి మా వాళ్ల గొప్పకి అంతు లేదు.

ఆ గొప్ప ఎక్కువ రోజులు నిలవలేదు. ఏం చేస్తావురా అని అడిగిన మేనమామకి నాలుగు రకాలుగా చెప్పి చూసి, చివరికి "లోపల ఫొటోలు తీస్తానండి" అన్నాను. ఆ తర్వాత మా బంధువుల పెళ్లిళ్లలో నన్ను స్టేజీ ముందుకి తోసి, ఫ్లాష్ సరిగ్గా పడుతోందో లేదో చూడమనేవారు. మా ఆవిడ సరోజిని స్కూలు టీచరు. స్టాఫ్ రూములో వాళ్లు నన్ను ‘ఫొటో మాస్టారు’ అంటారని ఆమే చెప్పింది. ఆసుపత్రిలో మా విభాగం క్యాంటీను దాటాక చివర ఉండేది. తలుపు మీద పసుపు గుర్తు చూసి జనం అటువైపు టీ కప్పు కూడా తెచ్చేవారు కాదు.

మా పై అధికారి డాక్టర్ సుభద్ర గారు. పొట్టి మనిషి, చాలా తక్కువ మాట్లాడతారు. మాట్లాడిన నాలుగు మాటలూ రెండు రోజులు నొప్పి పెడతాయి. మేమిద్దరం, ఒక నర్సు. అంతే మా విభాగం. వారానికోసారి ముంబయి నుంచి సీసం డబ్బాలో జనరేటరు వచ్చేది. విమానంలో రాజమండ్రి దాకా, అక్కణ్ణుంచి కారులో జొన్నాడ మీదుగా మా దాకా. మేము దాన్ని ఆవు అంటాం. రోజూ పొద్దున్నే దాని నుంచి టెక్నీషియం అనే మందు పితుకుతాం. ఆ మందు ఆరు గంటల్లో సగానికి తగ్గిపోతుంది, ఆవు కూడా రోజురోజుకీ వట్టిపోతుంది. కాబట్టి ఏ రోగిని ఏ రోజున పిలవాలి అన్నది మా దగ్గర పెద్ద లెక్క. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ పరీక్ష

మగవాళ్లకి వచ్చే ఒక ఇబ్బంది ఉంది. పుస్తకాల్లో అంగస్తంభన లోపం అంటారు. నా సర్వీసులో ఒక్క రోగి కూడా ఆ మాట వాడలేదు. "ఇంట్లో కొంచెం ఇబ్బందండి" అనేవారు, "నీరసమండి" అనేవారు, చాలామంది "నడుం నొప్పండి" అనేవారు. దానికి మనసు కారణం కావచ్చు, షుగరు కావచ్చు, రక్తనాళాలు కావచ్చు. రక్తనాళాల సంగతి తేల్చడానికి అప్పట్లో మా దగ్గరికి పంపేవారు.

ముందు రోగికి తగరం ఉప్పు కలిసిన ఒక మందు ఎక్కిస్తాం. అరగంటయ్యాక కొంచెం రక్తం తీసి, దాని ఎర్రకణాలకి టెక్నీషియం అంటించి మళ్లీ ఒంట్లోకే పంపిస్తాం. రోగిని కెమెరా కింద పడుకోబెడతాం. అప్పుడు యూరాలజిస్టు గారు వచ్చి, రక్తనాళాలు తెరుచుకునే మందుని సన్నటి సూదితో ఆ అవయవంలోకే ఇస్తారు. అక్కడికి ఎంత రక్తం వస్తోందో కెమెరా నిమిషం నిమిషానికీ కొలుస్తుంది. కంప్యూటరు మీద ఒక గీత పాకుతుంది. జోరుగా లేచి నిలబడితే నాళాలు బాగున్నట్టు. లేవడానికే కష్టపడితే రక్తం తెచ్చే ధమనుల్లో అడ్డు ఉన్నట్టు. లేచి వెంటనే జారిపోతే సిరల్లోంచి రక్తం వెనక్కి కారిపోతున్నట్టు.

చెప్పడానికి ఇంతే. చెయ్యడం మాత్రం నా వల్ల అయ్యేది కాదు. నేను సంఘపెద్దని, ఆదివారం పూట కానుకల సంచి పట్టుకుని తిరిగేవాణ్ణి. అటువంటివాణ్ణి ఒక పెద్దమనిషిని పట్టుకుని పంచె విప్పి పడుకోండి అనాలి. మొదటి రోగికి వివరమంతా నేను సీలింగు ఫ్యానుకి చెప్పాను. ఆయన కూడా ఫ్యాను కేసే చూశారు. ఏసీ గదిలో చలి, పైన దూలంలా కెమెరా. పక్కన అరనిమిషానికోసారి దగ్గుతూ నేను. ఆయన గీత లేవడం లేచింది గానీ వెంటనే కూలబడింది. సిరల్లో లోపం ఉందని రిపోర్టు రాసుకుని సుభద్ర గారి ముందు పెట్టాను.

ఆమె గీతని చూశారు, నన్ను చూశారు. "ఇది పేషెంటు గీత కాదు, మీ గీత" అన్నారు.

మనిషి భయపడితే, సిగ్గుపడితే ఒంట్లో నాళాలు బిగుసుకుపోతాయి, అప్పుడు మంచి నాళాలు కూడా చెడ్డగా కనిపిస్తాయి. నా దగ్గులన్నీ ఆ గీతలో పడ్డాయన్నమాట. వారం తర్వాత ఆయన్ని మళ్లీ పిలిచి, గది వెచ్చగా పెట్టి, నన్ను తెర వెనక కూర్చోబెట్టి ఆమే దగ్గరుండి చేయించారు. గీత కొబ్బరిచెట్టులా నిలబడింది. ఆయనకి ఏ జబ్బూ లేదు. ఉన్న జబ్బల్లా టెక్నాలజిస్టే.

కాగితం మీద మూడు ప్రశ్నలు

పరీక్షకి ముందు టెక్నాలజిస్టు నింపాల్సిన కాగితం ఒకటి సుభద్ర గారు తయారు చేశారు. అందులో అన్నిటికన్నా ముఖ్యమైనవి మూడు: నడిస్తే, బరువు ఎత్తితే ఆయాసం వస్తుందా? ఛాతీలో, భుజంలో, దవడలో బరువుగా ఉంటుందా? ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా?

ఈ జబ్బుకీ గుండెకీ సంబంధం ఏమిటని నేను అడిగాను. ఆమె బల్ల మీద ఉన్న అగ్గిపుల్ల తీసి చూపించారు. "అక్కడి నాళం దీనికన్నా సన్నం. గుండెకి వెళ్లేది కాస్త లావు. రెండింట్లోనూ ఒకటే కొవ్వు పేరుకుంటుంది. ఏది ముందు మూసుకుంటుంది చెప్పండి. అందుకే వీళ్లు మన దగ్గరికి ఇంకేదో కారణానికి వచ్చారనుకోకండి. కొందరు గుండె కోసమే వస్తారు, వాళ్లకి తెలియదంతే" అన్నారు.

నేను బుద్ధిగా తలూపాను. అర్థమైందనే అనుకున్నాను. కానీ ఆ గదిలోకి వెళ్లేసరికి ఎప్పుడు బయటపడదామా అని ఉండేది నాకు. ప్రశ్నలు గబగబా చదివేసేవాణ్ణి. అదీ ఉన్నవి ఉన్నట్టు కాదు, రోగికి ఇబ్బంది లేకుండా నా సొంత తెలుగులోకి మార్చి.

మా కోనసీమ మనుషులు ఎదుటివాణ్ణి కాదనలేరు. మీరు ఏం చెప్పినా "ఆయ్" అంటారు. అది ఒప్పుకోవడం కాదు, విన్నానండి, కానివ్వండి అని మర్యాద. నేను ఇక్కడే పుట్టి పెరిగాను, రోజుకి నలభై సార్లు నేనే అంటాను. అయినా నా కాగితం దగ్గరికి వచ్చేసరికి దాన్ని జవాబు కింద లెక్కేసుకున్నాను.

వీరాస్వామి గారు

వీరాస్వామి గారిది అంతర్వేది వైపు. పడవల మీద వేటకి వెళ్లే కుటుంబం. ఆయన మాత్రం రొయ్యల చెరువులు పట్టి నిలదొక్కుకున్నారు. యాభై లోపు వయసు, ఎండకి కాలిన మొహం, చుట్ట వాసన. ఒక్కరే వచ్చారు. ఇంట్లో నడుం నొప్పికని చెప్పి వచ్చానన్నారు. దానికి ముందు ఎనిమిది నెలలు రాజోల్లో ఒక లాడ్జిలో శిబిరం పెట్టే వైద్యుడి దగ్గర లేహ్యం తిన్నారు. ఇలాంటి లాడ్జి వైద్యుల్ని నేను తిట్టను. వాళ్ల దగ్గర మందు లేదు గానీ రోగి కళ్లలోకి చూసి మాట్లాడే ధైర్యం ఉంది. నా దగ్గర మందూ కెమెరా అన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు.

పరీక్ష గురించి నేను పుస్తకం అప్పజెప్పినట్టు ఏదో చెబుతుంటే మధ్యలో ఆపి, "అంటే ఏటండి, చెరువులోకి నీరు రావట్లేదా, లేకపోతే వచ్చిన నీరు తూములోంచి కారిపోతుందా, అంతేగా చూసేది?" అన్నారు. నేను ఆ విషయం అంత తేటగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. తర్వాత పదేళ్లు ఆ మాటే నా సొంతం అన్నట్టు అందరికీ చెప్పుకు తిరిగాను.

ఆ తర్వాత కాగితం తీశాను. కళ్లు కాగితం మీంచి ఎత్తకుండా అడిగాను.

"ఆయాసం అదీ ఏం లేదు కదండీ?"

"ఆయ్."

"ఛాతీలో నొప్పి గట్రా ఏం లేవు కదండీ?"

ఒక్క క్షణం ఆగారు. ఆ ఆగడం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు తల ఎత్తి ఉంటే ఏమయ్యేదో. "ఆయ్" అన్నారు.

రెండు చోట్లా ‘లేదు’ అని రాశాను. అందంగా రాశాను కూడా, నా చేతిరాత బాగుంటుందని పేరు.

గీత లేవలేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, నేల మీద పాకుతూనే ఉంది. ఈసారి గది వెచ్చగానే ఉంది, నేను దగ్గలేదు. చెరువులోకి నీరే రావడం లేదు. సుభద్ర గారు రిపోర్టు రాసి, ఈయనకి గుండె స్కానింగు చెయ్యాలన్నారు. నేను నింపిన కాగితం చూశారు. ఆయాసం లేదు, నొప్పి లేదు. ఆ వారం ఆవు దాదాపు వట్టిపోయింది, మిగిలిన కాస్త మందు నొప్పులున్న ఇద్దరికి కావాలి. "నొప్పి లేదన్నారు కాబట్టి వచ్చే వారం జనరేటరు రాగానే మొదటి పేరు ఈయనది పెట్టండి. ఫోను చేసి పిలవండి" అన్నారు.

ఆయన మాకు ఇచ్చింది ఇంటి నంబరే. కొత్త జనరేటరు వచ్చిన రోజు చేశాను. ఒక ఆడమనిషి ఎత్తారు. ఏం చెప్పాలి? ఆసుపత్రి అంటే ఏం ఆసుపత్రి అంటారు, కెమెరా అంటే ఏం కెమెరా అంటారు. ఆయన నడుం నొప్పి అని చెప్పి వచ్చారు కదా. "రాంగ్ నంబరండి" అని పెట్టేశాను. ఫోను చేసినవాడే రాంగ్ నంబరని చెప్పడం అదే మొదలనుకుంటాను. మర్నాడు మళ్లీ ఆమే ఎత్తారు. మళ్లీ పెట్టేశాను. మూడోసారి ఆమె కాస్త గట్టిగా ఎవరండీ అని అడిగేసరికి, "ఇన్సూరెన్సు వాళ్లమండి, వీరాస్వామి గారున్నారా" అన్నాను. మాకు పాలసీ ఉందండి, అక్కర్లేదండి అని ఆమె పెట్టేశారు. ఆయన పరువు కాపాడానని తృప్తిపడ్డాను. ఆయన దొరకలేదని సుభద్ర గారితో అన్నాను, ఆయన స్థానంలో వేరే మనిషిని పిలిచాం.

పద్దెనిమిది రోజుల తర్వాత, చెరువులో రొయ్యలు పట్టే రోజున, వీరాస్వామి గారు చెరువు గట్టు మీద పడిపోయారు. ఐసు లారీ వెంట వచ్చిన కారులోనే మా ఆసుపత్రికి తెచ్చారు. నేను క్యాంటీను నుంచి టీ తెచ్చుకుంటూ స్ట్రెచరు మీద ఆయన్ని చూశాను. బురద కాళ్లు, బూడిద రంగు మొహం. నా చేతిలో టీ కప్పు ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

నా తప్పుకి నేనే తీసిన బొమ్మ

బతికారు. గడ్డ కరిగించే మందు వెంటనే ఇచ్చారు. ఆరు వారాల తర్వాత గుండె ఎంత మిగిలిందో చూడటానికి మా దగ్గరికే పంపారు. ఆరోగ్యంగా ఉన్న గుండె మా బొమ్మలో గుర్రపు లాడంలా నిండుగా కనిపిస్తుంది. ఆయన గుండె ముందు గోడలో, కొన దగ్గర చీకటి. మందు అక్కడికి వెళ్లలేదు, ఎందుకంటే అక్కడ రక్తం తీసుకునే కండరం బతికి లేదు. కెమెరా సరిగ్గా పెట్టలేదేమోనని ఇంకోసారి తీశాను. మళ్లీ అదే చీకటి.

సుభద్ర గారి గదికి వెళ్లి ఫోను సంగతి అంతా చెప్పాను. ఇన్సూరెన్సు మాట కూడా దాచలేదు. ఆమె నన్ను తిట్టలేదు. బీరువా తీసి పాత కాగితం వెతికి నా ముందు పెట్టారు.

"నొప్పి ఉందా అని అడిగారా, లేదు కదండీ అని అడిగారా?"

"లేదు కదండీ అనే అడిగానండి."

"అది ప్రశ్న కాదు ప్రకాశరావు గారూ. బతిమాలుకోవడం. లేదని చెప్పి నన్ను బయట పడేయండి అని మీరు ఆయన్ని బతిమాలారు. ఆయన మంచివారు, పడేశారు."

ఇంకో మాట కూడా అన్నారు. తాను ఆ రోజు కాగితాన్ని చదివారు తప్ప మనిషిని లోపలికి పిలిచి అడగలేదని, ఆ వారం వరసలో ఆయన్ని వెనక్కి నెట్టింది తానేనని, కాబట్టి వాళ్లకి చెప్పడానికి తాను కూడా వస్తానని. పై అధికారుల్లో ఇలాంటి మాట అన్నవాళ్లని నా సర్వీసులో ఇంకెవరినీ చూడలేదు.

వీరాస్వామి గారు స్కానయ్యాక పక్కగదిలో మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆయన భార్య నాగమణి గారు కిటికీ దగ్గర కమలాపండు వొలుస్తున్నారు. సుభద్ర గారు ఆయన దగ్గరగా వంగి, మొదటిసారి వచ్చినప్పటి పరీక్ష గురించి మాట్లాడాలి, ఆవిడ ముందు మాట్లాడవచ్చా, బయటికి పంపమంటారా అని మెల్లగా అడిగారు.

"ఆవిడికి అయ్యేం తెలీదండి" అన్నారాయన.

"తెలుసండి" అన్నారు నాగమణి గారు కిటికీ దగ్గర్నించే. "చెప్పండి."

సుభద్ర గారు నా వైపు చూశారు. నేను మొదలుపెట్టాను. ఈసారి ఫ్యాను లేదు, చూడటానికి ఆవిడ మొహమే ఉంది. రెండు మాటలు అన్నానో లేదో, ఆవిడ వొలవడం ఆపి, "మీరు ఇన్సూరెన్సు ఆయన కదండీ?" అన్నారు.

అవునని ఒప్పుకుని, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. ప్రశ్న ఎలా అడిగానో, ఏం రాశానో, మూడుసార్లు ఎందుకు ఫోను పెట్టేశానో.

వీరాస్వామి గారు నన్నేం అనలేదు. మొదటిసారి మా దగ్గరికి వచ్చేనాటికే రెండు నెలల నుంచీ మేత బస్తా ఎత్తితే ఎడం భుజం లాగేస్తోందని, నేను అడిగినప్పుడు చెబుదామని నోటిదాకా వచ్చిందని అన్నారు. "గుండె అంటే ఇది ఆపేసి అటు పంపేస్తారేమోనని ఊరుకున్నానండి. నాకప్పుడు ఇదే పెద్ద బాధ."

నాగమణి గారు మాత్రం ఊరుకోలేదు. గొంతు పెంచలేదు గానీ ప్రతి మాటా నిలబెట్టి అన్నారు.

"ఆయన దాచేరు, మీరు దాచేరు. ఎవరి దగ్గరండి? నేను ఆయన పెళ్లాన్ని. నాకు తెలియకుండా ఉంటుందా? ఏ పరీక్షో నాకు చెప్పక్కర్లేదు. గుండె ఫొటో తియ్యాలి, రేపు పంపండి అంటే చాలు కదండీ. నేను చెయ్యి పట్టుకు లాక్కొచ్చేదాన్ని."

నిజమే. ఆయన రహస్యం ఆయనది, నేను చెప్పకూడదు. కానీ రహస్యం చెప్పకుండా కూడా రమ్మని చెప్పవచ్చు. ఆ ఒక్క వాక్యం నాకు తట్టలేదు. ఆ రోజు నేను కాపాడింది ఆయన పరువు కాదు. నా సిగ్గు.

ఆయన ఇప్పటికీ ఉన్నారు. చెరువులు కౌలుకి ఇచ్చేసి రాజోల్లో మేత దుకాణం పెట్టుకున్నారు. గట్టు మీద నాలుగడుగులు వేస్తే ఆగుతారు. మొదట ఏ ఇబ్బందికి వచ్చారో అది తీరలేదు. గుండెకి వాడే నైట్రేటు మందుతో ఆ ఇబ్బందికి ఇచ్చే మాత్రలు కలిస్తే ప్రాణానికే ముప్పు కాబట్టి ఎవరూ రాయలేదు. ఏటా స్కానుకి వచ్చినప్పుడు నాగమణి గారు నన్ను బాగానే పలకరించేవారు. "బాగున్నారా ఇన్సూరెన్సు గారూ" అని, అందరూ వినేలా.

మీకు చెప్పేదేమిటంటే

ఆ పరీక్ష ఇప్పుడు దాదాపు పోయింది. డాప్లర్ అల్ట్రాసౌండ్ వచ్చి ఈ ఒక్క పనిలో మా ఆవునీ కెమెరానీ పక్కకి తోసేసింది. నాకేం బాధ లేదు. నిజం చెప్పాలంటే అది గొప్ప పరీక్ష కాదు. గది చలికి, రోగి బెదురుకి, నాలాంటివాడి దగ్గుకి కూడా మారిపోయేది. కానీ ఆ ఇబ్బందితో వచ్చే మనుషులు పోలేదు. ఏ మిషను ముందు మీరు కూర్చున్నా వాళ్లు వస్తారు, నడుం నొప్పి అనే చెబుతారు.

లేదు కదండీ అని అడగకండి. "ఏ పని చేస్తే ఆగాల్సి వస్తోంది?" అని అడగండి, అడిగి ఊరుకోండి. ఊరుకోవడమే కష్టం. ఆయన మొహం కేసి చూస్తూ ఊరుకోవాలి. వీరాస్వామి గారి తర్వాత నేను అలా అడగడం మొదలుపెట్టాను. మొదట్లో నత్తి వచ్చేది. ఒకసారి కొత్తపేట నుంచి వచ్చిన తాపీమేస్త్రి నా మౌనం భరించలేక, నిచ్చెన ఎక్కితే దవడ లాగుద్దండి అన్నాడు. అక్కడే పరీక్ష ఆపేసి ఈసీజీకి పంపాం, సాయంత్రానికి కాకినాడలో గుండె ఆసుపత్రికి వెళ్లాడు. మళ్లీ నిచ్చెనెక్కి పని చేసుకుంటున్నాడు. నా ఖాతాలో చెప్పుకోదగ్గ మంచిపని అదొక్కటే, అది కూడా నోరు మూసుకోవడం వల్ల అయింది.

నా వంతు

ఇక్కడితో ఆపేస్తే నేను పాఠం నేర్చుకున్నవాడిలా కనిపిస్తాను. అది అబద్ధం.

రిటైర్మెంటుకి రెండేళ్ల ముందు ఆ ఇబ్బంది నాకే వచ్చింది. నాకు షుగరుంది, యాభై దాటాయి, నాకు తెలియని సంగతి ఒక్కటి లేదు. క్లాసులు చెప్పేవాణ్ణి, అగ్గిపుల్ల చూపించేవాణ్ణి. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకి చెప్పలేదు, మా ఆవిడకి చెప్పలేదు. రాత్రి భోజనం కాగానే నడుం నొప్పి అని అటు తిరిగి పడుకునేవాణ్ణి. అవును, నడుం నొప్పి అనే.

ఆసుపత్రిలో ఏటా ఉద్యోగులకి చేసే పరీక్షలప్పుడు, కాగితం నింపుతున్నది లావణ్య. నేనే పని నేర్పిన అమ్మాయి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పెన్ను పక్కన పెట్టి, నా మొహం కేసి చూస్తూ, "షుగరు వచ్చాక ఇంట్లో మీ ఇద్దరి మధ్యా ఏం మార్పు వచ్చిందండి సార్?" అంది. అడిగి ఊరుకుంది. నేను నేర్పిన ఊరుకోవడమే.

అన్నీ బాగానే ఉన్నాయమ్మా అని లేచి బయటికొచ్చాను. క్యాంటీనులో టీ చెప్పాను. టీ చల్లారిపోయింది. సుభద్ర గారు అప్పటికే రిటైరై వెళ్లిపోయారు, ఆమె ఉండి ఉంటే ఏమనేవారో ఊహించుకున్నాను. ఆ ఊహే చాలింది. వెనక్కి వెళ్లి లావణ్య ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆ పిల్ల మొహంలో ఏమీ మారలేదు. రాసుకుని, మెట్లు ఎక్కితే ఎక్కడ ఆగుతారని అడిగింది. రెండో అంతస్తు దగ్గరని అప్పుడు ఒప్పుకున్నాను. మర్నాడు నా కెమెరా కిందే పడుకున్నాను. పడుకుంటే గానీ తెలియలేదు, అది నిజంగానే మీద పడేటట్టు ఉంటుంది.

గుండెలో ఒక చోటికి రక్తం తక్కువగా వెళుతోంది. కాకినాడలో యాంజియోగ్రాం చేసి, ప్రస్తుతానికి మందులతో నడిపించవచ్చన్నారు. తిరిగి వస్తుంటే కారులో వెనక సీట్లో సరోజిని, నేను. యానాం దాటి ఎదుర్లంక వంతెన ఎక్కేటప్పుడు, డ్రైవరుకి వినపడకుండా, ఎనిమిది నెలల సంగతీ చెప్పేశాను. ఆమె కోప్పడుతుందని అనుకున్నాను. లేకపోతే నాగమణి గారిలాగే తెలుసంటుందని అనుకున్నాను.

కిటికీలోంచి కింద గౌతమీ గోదారి కేసి చూస్తూ అంది.

"నాతో మాట్లాడటం మానేసేరు కదా. నేనే ఏదో తప్పు చేసేనేమో అనుకున్నానండి. ఏం చేసేనా అని రోజూ వెతుక్కున్నాను."

మనుషుల్ని అడగడం ఒకప్పుడు నాకు రాలేదు, తర్వాత వచ్చింది. చెప్పడం మాత్రం అప్పటికీ రాలేదు. నీ తప్పేం లేదు అన్న ఒక్క ముక్క నోట్లోంచి రావడానికి నాకు ఎదుర్లంక నుంచి ముమ్మిడివరం దాకా పట్టింది.